రూపం లేని స్మృతి

మరణానికి రూపం లేదు. మరణించినవారికి రూపం ఉండినది. శవపేటికకు, సమాధికి, విలపించే బంధువులకు రూపాలున్నవి. కాని మరణమనే దానికి, అనగా నిన్నటివరకు మన మధ్య తిరిగిన మనిషి నేడు లేకపోవడమనే దానికి, కంటికి కనిపించే ఆకారమేదీ లేదు. లేనిదానిని చిత్రించడం ఎట్లా? చిత్రకారులు, శిల్పులు అనాదిగా ఎదుర్కొంటున్న కఠినమైన ప్రశ్న ఇది. చిత్రకళను అభ్యసించే విద్యార్థి తన ప్రాజెక్టుకు మరణాన్ని విషయంగా ఎన్నుకొన్ననాడు అతనికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే. ఒక విద్యార్థిని తరగతి పనిగా గీసిన ఒక నమూనాను ఆధారంగా తీసుకొని, నైరూప్యకళ మరణాన్ని ఏ విధంగా పలికించగలదో, అందులో దానికి గల శక్తి ఎంతో, పరిమితి ఎంతో, ఈ వ్యాసంలో మేము వివరింపదలచినాము.

నైరూప్యత అనగానే మనలో పలువురికి అర్థంకాని రంగుల కలగాపులగం గుర్తుకు వస్తుంది. ఇది సరియైన అవగాహన కాదు. ఒక వస్తువును చిత్రించేటప్పుడు అందులోని అప్రధానమైన వివరాలను ఒక్కొక్కటిగా తొలగించుకొంటూ పోయి, ఇక తొలగిస్తే అర్థమే మిగలదు అన్న చోట ఆగడం నైరూప్యతకు ఒక మార్గం. పావురాన్ని గీసి, ఈకలు తీసివేసి, కాళ్లు తీసివేసి, చివరకు ఒక్క వంపుగీతను మాత్రమే మిగిల్చినా అందులో ఎగిరే గుణం కనిపిస్తే ఆ గీత సార్థకమైనట్లే. తీసివేయడం ఎవరికైనా చేతనవును. ఎక్కడ ఆగాలో తెలియడమే కళ.

ఈ రెండు పద్ధతులు, రూపాన్ని చెక్కడమూ రూపాన్ని విడిచిపెట్టడమూ, మన నేలకు కొత్తవి కావు. తెలుగుదేశపు గ్రామాలలో నేటికీ కనిపించే వీరగల్లులను చూడండి. యుద్ధంలోనో, పశువుల మందను కాపాడే పోరులోనో ప్రాణమిచ్చిన వీరుని ప్రతిమను ఆయుధంతో సహా రాతిపై చెక్కి ఊరివారు నిలబెట్టినారు. ఇది రూపంతో చెప్పే పద్ధతి. ఇక గోల్కొండ కోటకు చేరువలో ఉన్న కుతుబ్ షాహీ సమాధులకు వెళ్లి, గుంబజు లోపలి మసక వెలుతురులో నిలిచి చూడండి. అక్కడ సుల్తానుల ప్రతిమలు లేవు. మెరుగుపెట్టిన నల్లరాతి తావీజు ఉన్నది. దానిపై ఖత్తాతీ కళాకారుని చేతి అక్షరాలున్నవి. మనిషి ముఖం ఎక్కడా లేదు. అయినప్పటికీ ఆ రాతి ముందు స్వరం తగ్గించని సందర్శకుడు అరుదు. రూపం లేనంత మాత్రాన భావం లేకపోదనడానికి మన నగరమే సాక్ష్యమిస్తున్నది. ఈ సాక్ష్యాన్ని మనసులో ఉంచుకొని చూస్తే, మేము చెప్పబోయే పరదేశపు ఉదంతం మనకు పరాయిదిగా తోచదు.

ఆ విద్యార్థిని పేరు మాయా లిన్. ఆమె 1959లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఏథెన్స్ అనే చిన్న పట్టణంలో జన్మించినది. తల్లిదండ్రులు చైనా నుండి వచ్చి అక్కడ స్థిరపడినవారు. తండ్రి మృణ్మయ కళాకారుడు, తల్లి కవయిత్రి. ఇరువురూ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు. మాయా లిన్ యేల్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థినిగా వాస్తుకళను అభ్యసిస్తున్న చివరి సంవత్సరంలో, ఆమె తరగతిలోని కొందరు విద్యార్థులు సమాధులు, స్మారకాల నిర్మాణకళ అనే విషయాన్ని పాఠ్యాంశంగా ఎన్నుకొన్నారు. మనిషి తన మరణాన్ని గురించి ఏమనుకొంటున్నాడో అతడు కట్టే కట్టడాలలో ఎట్లా వ్యక్తమవుతుందో తెలుసుకోవడమే ఆ తరగతి ఉద్దేశం.

ఆ తరగతిలో ఇచ్చిన ఒక అభ్యాసం గమనింపదగినది. రాని మూడవ ప్రపంచయుద్ధానికి ఒక స్మారకాన్ని ఊహించి గీయవలసి వచ్చినది. అట్టి యుద్ధం తరువాత దానిని చూడడానికి ఎవరు మిగులుతారనే ప్రశ్న వేసుకొని, మాయా లిన్ భూమి లోపలికి దిగే ఒక సమాధివంటి నిర్మాణాన్ని, చూచేవారికి నిస్పృహ మాత్రమే కలిగేటట్లు, బుద్ధిపూర్వకంగా గీసినది. దానిని చూచిన ఆచార్యుడు కలతచెంది, ఆ యుద్ధంలో నా సోదరుడు చనిపోయి ఉంటే ఇట్టి చోటికి నేను రానే రాను అన్న భావాన్ని వెలిబుచ్చినాడట. మరణాన్ని గురించిన కళకు ఈ మాట గీటురాయి వంటిది. కళాకారుని భావన ఎంత లోతైనదైనా, ఆప్తుని పోగొట్టుకొన్న మనిషికి అక్కడ నిలువ చోటు దొరకకపోతే అది స్మారకం కాజాలదు.

అదే కాలంలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధమృతులకు ఒక స్మారకాన్ని నిర్మించడానికి బహిరంగ పోటీ ప్రకటింపబడినది. 1975లో ముగిసిన ఆ యుద్ధం అమెరికా ప్రజలను రెండుగా చీల్చినది. తిరిగివచ్చిన సైనికులకు స్వాగతం లేదు; తిరిగిరానివారికి గుర్తు లేదు. ఆ యుద్ధంలో గాయపడి వచ్చిన జాన్ స్క్రగ్స్ అనే మాజీ సైనికుడు మరికొందరితో కలిసి 1979లో ఒక సంస్థను స్థాపించి, ప్రజల విరాళాలతో ఈ పనికి పూనుకొన్నాడు. పోటీకి పెట్టిన నియమాలు నాలుగు: కట్టడం ఆలోచింపజేసేదిగా ఉండాలి, పరిసరాలతో ఇమిడిపోవాలి, మరణించినవారి, ఆచూకీ తెలియనివారి పేర్లన్నీ అందులో ఉండాలి, యుద్ధం మంచిదని గాని చెడ్డదని గాని అది చెప్పరాదు. యేల్ తరగతి ఈ పోటీనే తమ ముగింపు ప్రాజెక్టుగా తీసుకొన్నది.

పేర్లన్నీ ఉండాలనే నియమం మాయా లిన్‌కు భారం కాలేదు. ఆమె చదివే యేల్‌లోనే వూల్సీ హాలు ప్రవేశమందిరంలో, యుద్ధాలలో మరణించిన పూర్వవిద్యార్థుల పేర్లు పాలరాతి గోడలపై చెక్కి ఉన్నవి. ఆమె అక్కడ చదువుతున్న రోజులలోనే శిల్పులు వియత్నాం మృతుల పేర్లను ఆ గోడలపై చెక్కుతూ ఉండేవారు. దారిన పోతూ ఆ అక్షరాలను చేతితో తాకడం ఆమెకు అలవాటైనది. ఫ్రాన్సులోని థియెప్వాల్ స్మారకాన్ని గురించి కూడా ఆమె ఆ రోజులలోనే ఒక ఉపన్యాసంలో విన్నది. సొమ్ నదీప్రాంతపు పోరులో జాడ తెలియకుండా పోయిన 72 వేలకు పైగా సైనికుల పేర్లు ఆ స్మారకంపై ఉన్నవి. దానిని రచించిన వాస్తుశిల్పి ఎడ్విన్ లుటియెన్స్. న్యూఢిల్లీలో 1931లో పూర్తియైన ఇండియా గేటు శిల్పి కూడా ఆయనే. దాని గోడలపై సైతం 13 వేలకు పైగా సైనికుల పేర్లున్నవి. ఆ విధంగా మన రాజధానిలోని తోరణమూ, ఈ విద్యార్థినికి స్ఫూర్తినిచ్చిన కట్టడమూ ఒకే చేతి పనులు.

1980 నవంబరులో ఆమె స్థలాన్ని చూడడానికి వాషింగ్టన్ వెళ్లినది. అది పచ్చిక పరచుకొన్న విశాలమైన ఉద్యానవనం. ఒక ప్రక్క లింకన్ స్మారకం, మరొక ప్రక్క వాషింగ్టన్ స్తంభం. ఆ నేలను కత్తితో కోసి తెరిచినట్లు, ఆ గాయం కాలక్రమాన పచ్చికతో మానినట్లు, అయినా కోసిన అంచు మాత్రం నున్నగా మెరుస్తూ ఉండిపోయినట్లు ఆమెకు ఊహ కలిగినది. ఆప్తుల మరణం కూడా అట్టిదే గదా! ఆ నొప్పి తగ్గుతుంది గాని గుర్తు పోదు. యుద్ధంలోని రాజకీయాలను గురించి చదవకుండా ఆమె బుద్ధిపూర్వకంగానే దూరంగా ఉన్నది. మరణమనే ఒక్క విషయంపైననే దృష్టి నిలుపుకోవాలని ఆమె సంకల్పం.

ఆమె సమర్పించిన చిత్రాలు వాస్తుశాస్త్ర విద్యార్థులు సాధారణంగా గీసే కొలతల పటాలవంటివి కావు. మెత్తని పాస్టెల్ రంగులతో వేసిన ఆ చిత్రాలలో విస్తారమైన లేతరంగు నేల, అందులో విరిగిన గీతవంటి ఒక నల్లని ఆకారం తప్ప వేరేమీ లేవు. వాటికి తోడుగా, ఆ చోట నడిచే మనిషికి ఏమి కనిపిస్తుందో, ఏమి అనిపిస్తుందో వివరించే ఒక చిన్న వ్యాసాన్ని స్వహస్తంతో వ్రాసి జతపరచినది. చిత్రం చెప్పలేనిది వ్యాసం చెప్పినది. పోటీకి వచ్చిన నమూనాలు 1,421. రచయితల పేర్లు తెలియకుండా ప్రతిదానికీ ఒక సంఖ్య ఇచ్చినారు, ఆమెది 1026. నిపుణులైన న్యాయనిర్ణేతలు 1981 మే మాసంలో దానినే ఎన్నుకొన్నారు. అప్పటికి ఆమె వయస్సు 21 సంవత్సరాలు. అదే నమూనాకు తరగతిలో ఆమెకు వచ్చినది బి గ్రేడు మాత్రమేనని ప్రసిద్ధి.

ఇప్పుడు ఆ కట్టడంలో నైరూప్యత ఎట్లా పనిచేస్తున్నదో పరిశీలిద్దాం. రెండు గోడలు, ఒక్కొక్కటి సుమారు 247 అడుగుల పొడవు గలవి, 125 డిగ్రీల కోణంలో కలుసుకొంటాయి. ఒకటి లింకన్ స్మారకాన్ని, రెండవది వాషింగ్టన్ స్తంభాన్ని చూపుతూ ఉంటుంది. కొసలలో గోడ ఎత్తు కొద్ది అంగుళాలు మాత్రమే. రెండు గోడలు కలిసే చోట పది అడుగులకు పైన. కాలిబాట క్రమంగా క్రిందికి వాలుతుంది. మొదట మడమల దగ్గర ఉన్న పేర్లు కొన్ని అడుగులు వేయగానే నడుము వరకు, ఆ తరువాత తలకు పైగా పెరిగిపోతాయి. మృతుల సంఖ్య ఎంతటిదో ఏ బోర్డూ చెప్పకుండానే శరీరానికి తెలిసిపోతుంది. నడక కొనసాగితే నేల మళ్లీ పైకి లేస్తుంది. మనిషి వెలుతురులోకి వస్తాడు. విగ్రహం ఎదుట మనం నిలబడి చూస్తాము. ఇక్కడ మనం లోపలికి దిగి, పైకి వస్తాము.

రెండవది రాయి. ఆ నల్లరాయి మన దేశపు బెంగళూరు ప్రాంతం నుండి వెళ్లినదని ఎంతమందికి తెలుసు? అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో దానిని కోసి, మెరుగుపెట్టి పలకలుగా తయారుచేసినారు. అద్దంవలె మెరిసే ఆ రాతిపై, పేర్లను చదివే మనిషి ముఖం ఆ పేర్ల వెనుక ప్రతిబింబిస్తుంది. శిల్పి ఏ ముఖాన్నీ చెక్కలేదు; కాని ప్రతి సందర్శకుడు తన ముఖాన్ని అక్కడికి తెస్తున్నాడు. చనిపోయినవాని పేరు, బ్రతికియున్నవాని రూపం ఒకే రాతిపై కలుసుకొంటాయి. చిత్రాన్ని తొలగించడమంటే శూన్యాన్ని మిగల్చడం కాదనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు.

మూడవది పేర్ల క్రమం. పేర్లను అక్షరక్రమంలో ఉంచితే వెదకడం సులభమని కొందరు సూచించినారు. కాని ఒక్క స్మిత్ అనే ఇంటిపేరు గలవారే వందల సంఖ్యలో ఉన్నారు. అట్లా ఉంచితే గోడ టెలిఫోన్ డైరెక్టరీ అయిపోతుంది. కావున పేర్లను మరణించిన తేదీల క్రమంలో చెక్కినారు. రెండు గోడలు కలిసే మధ్యస్థానంలో, కుడి గోడపై 1959తో మొదలై, పేర్లు కుడికొస దాకా సాగి, ఎడమ గోడ కొసనుండి మళ్లీ ప్రారంభమై, 1975తో అదే మధ్యస్థానానికి చేరుకొంటాయి. యుద్ధపు మొదలూ తుదీ అక్కడ కలిసి వలయం పూర్తియవుతుంది. హోదాలు లేవు, అధికారి, సామాన్య సైనికుడు ప్రక్కప్రక్కన ఉన్నారు. ఒకేనాడు కూలిన మిత్రులు రాతిపై కూడా చేరువగా ఉన్నారు. మరణం నిర్ధారణయైన వారి పేరు ప్రక్కన వజ్రాకారపు గుర్తు, ఆచూకీ తెలియని వారి ప్రక్కన శిలువవంటి చిన్న గుర్తు ఉంచినారు.

ఇంతటి నిరాడంబరమైన రచనకు ఎదురైన వ్యతిరేకత సామాన్యమైనది కాదు. వీరుల విగ్రహం లేని వీరస్మారకమా అని కొందరు మాజీ సైనికులు నిలదీసినారు. తెల్లని స్మారకాల నడుమ నల్లరంగు, ఎత్తైన స్తంభాల నడుమ నేలలోకి దిగిపోయే గోడ వారికి అవమానంగా తోచినవి. సిగ్గుచేటైన నల్లని గాటు అని ఒక మాజీ సైనికుడు 1981లో బహిరంగ విచారణలో నిందించినాడు. రచయిత్రి యువతి కావడం, ఆసియా సంతతికి చెందడం కూడా కొందరికి ఆక్షేపణీయమైనది. నలుపు సిగ్గుకు గుర్తనే వాదాన్ని ఒక నల్లజాతి సేనాధిపతి ఖండించిన తరువాత రంగును గురించిన గొడవ సద్దుమణిగినది. తుదకు రాజీ కుదిరినది: గోడను యథాతథంగా కట్టడం, దానికి కొంత దూరంలో జెండాస్తంభాన్ని, సైనికుల విగ్రహాన్ని నిలపడం. 1982 నవంబరు 13న గోడ ప్రజలకు అంకితమైనది. ఫ్రెడరిక్ హార్ట్ మలచిన ముగ్గురు సైనికుల కంచువిగ్రహం 1984లో వచ్చి చేరినది.

విగ్రహాన్ని కోరినవారిని మేము తక్కువ చేయదలచలేదు. తాము అనుభవించినదానిని ఒక ముఖంలో చూచుకోవాలనే కోరిక సహజమైనది. మన వీరగల్లులకు మూలం అదే. అయితే ముగ్గురు సైనికుల ముఖాలను చెక్కితే అవి ఆ ముగ్గురి ముఖాలే అవుతాయి. వేలాది తల్లులలో ప్రతి ఒక్కరికీ అందులో తన బిడ్డ కనిపించకపోవచ్చు. పేరులో ఆ ఇబ్బంది లేదు. పేరు ఒక్కరిదే, కాని దానిని చదివే తల్లి మనసులో ఆ ఒక్కని రూపం సంపూర్ణంగా మెదులుతుంది. గోడ కట్టిన నాటినుండి జనం చేసినదే ఇందుకు సాక్ష్యం. పేరును వ్రేళ్లతో తాకినారు. కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది అక్షరాల నకలును ఇంటికి తీసుకొనిపోయినారు. ఉత్తరాలు, ఫోటోలు, పతకాలు, బూట్లు, బొమ్మలు గోడ మొదట ఉంచి వెళ్లినారు. అట్లా చేయమని వారికి ఎవరూ చెప్పలేదు. ఆ వస్తువులను ఉద్యానవనశాఖవారు సేకరించి భద్రపరచగా వాటి సంఖ్య లక్షలకు చేరినది. కళాకారిణి ఖాళీగా విడిచిన చోటును ప్రజలే తమ గుర్తులతో నింపినారు.

అయినప్పటికీ ఈ గోడను సంపూర్ణమైనదని మేము చెప్పజాలము. దానిపై నేడు 58 వేలకు పైగా పేర్లున్నవి. అవన్నీ అమెరికా సేనలకు చెందినవారివి. అదే యుద్ధంలో లక్షల సంఖ్యలో చనిపోయిన వియత్నాం ప్రజల పేరు ఒక్కటైనా అక్కడ లేదు. పోటీ నియమమే అట్టిది గనుక ఈ లోపాన్ని విద్యార్థినిపై మోపడం న్యాయం కాదు. అయినా పేరు ఇంతటి శక్తి గలదని ఒప్పుకొన్నప్పుడు, పేరు లేకపోవడం కూడా అంతే గట్టిగా వినిపిస్తుంది. క్రిస్ బర్డెన్ అనే అమెరికన్ కళాకారుడు 1991లో ఈ మౌనాన్నే విషయంగా తీసుకొన్నాడు. నిలువుగా తెరుచుకొనే పెద్ద పుస్తకపు పుటలవంటి రాగిరేకులపై ముప్పై లక్షల వియత్నామీయుల పేర్లను చెక్కించినాడు. కాని మృతుల పూర్తి జాబితా ఎక్కడా దొరకనందున, టెలిఫోన్ డైరెక్టరీల నుండి తీసిన పేర్లను మార్చి మార్చి కూర్చి ఆ సంఖ్యను నింపవలసి వచ్చినది. ఒక గోడపై ప్రతి పేరూ ఒక నిజమైన మనిషిది. మరొకచోట పేర్లు సైతం ఊహించుకోవలసినవే. ఎవరి మరణాన్ని లోకం లెక్క వ్రాసుకొంటుంది, ఎవరిది వ్రాసుకోదు అనే ప్రశ్న ఈ రెండు రచనలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు తప్పించుకోరానిదవుతుంది.

పేరును చెక్కి మృతులను స్మరించే మార్గం మన దేశంలోనూ కొనసాగుతున్నది. ఇండియా గేటు సమీపంలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధస్మారకంలో, స్వాతంత్ర్యానంతరం ప్రాణాలర్పించిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు వలయాకారపు గోడలలోని రాతిపలకలపై ఉన్నవి. కంచు కుడ్యచిత్రాలు, వీరుల ప్రతిమలు కూడా ఆ ప్రాంగణంలో ఉన్నవి. రూపమూ పేరూ ఒకదానికొకటి శత్రువులు కావనడానికి ఇది ఉదాహరణ. రూపం వీరుడెట్టివాడో చెప్తుంది. పేరు అతడు లేడని చెప్తుంది.

మరణాన్ని తమ చిత్రాలలో విషయంగా తీసుకోదలచిన విద్యార్థినీ విద్యార్థులకు ఈ ఉదంతం నుండి గ్రహింపదగినవి మూడు ఉన్నవని మా అభిప్రాయం. మొదటిది, పుర్రెను, చితిని, కన్నీటిబొట్టును గీసినంత మాత్రాన మరణం చిత్రంలోకి రాదు. అవి అందరికీ తెలిసిన గుర్తులు గనుక చూపరి కన్ను వాటిపై ఆగకుండా జారిపోతుంది. రెండవది, తీసివేసిన ప్రతి వివరానికీ కారణం ఉండాలి. లిన్ ముఖాలను తీసివేసినది, చూపరి ముఖం కనిపించడానికి. హోదాలను తీసివేసినది, మరణంలోని సమానత్వం కనిపించడానికి. కారణం లేని తీసివేత నైరూప్యత కాదు, సోమరితనం. మూడవది, ఎంత తీసివేసినా ఒక్క నిజమైన వస్తువును విడువకుండా పట్టుకొని ఉండాలి. ఆ గోడలో అది పేరు; మరొకరి చిత్రంలో అది తండ్రి చేతిగడియారం కావచ్చు, నానీమా జపమాల కావచ్చు, ఇంటి గోడపై ఫోటో తీసివేసిన చోట మిగిలిన చతురస్రపు మచ్చ కావచ్చు. ఆ ఒక్కటీ నిజమైనదైతే తక్కిన ఖాళీ అంతా దానిని అంటిపెట్టుకొని మాట్లాడుతుంది.

తరగతిగదిలో చేసిన ప్రాజెక్టు మార్కులతో ముగుస్తుందని మనం తలుస్తాము. తనకు తెలియని వేలాది మనుషుల మరణాన్ని గురించి ఒక విద్యార్థిని శ్రద్ధగా ఆలోచించి, వారి పేర్లకు నిలువచోటు కల్పించి, తాను ప్రక్కకు తప్పుకొన్నది. మృతుల పట్ల కళ చూపగల మర్యాద ఇంతకు మించి లేదని మేము భావిస్తున్నాము.